నీలి సుద్ద గీత

మే 27

వదినగారికి నమస్కారం.

ఆ రోజు ఏం జరిగిందని మీరు ఫోనులో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తర్వాత చెప్తానని పెట్టేశాను. కాగితం మీద చెప్పగలను.

మే తొమ్మిది, శనివారం. బడికి సెలవు. మీ చెల్లెలు ఆరింటికి లేచింది. టీ పెట్టింది. మీరు నేర్పిన వ్యాయామం చేసింది. ఎనిమిదింటికి కుట్టుమిషను దగ్గర కూర్చుంది. ఒక పెద్దాయన కోటుకి చేతులు రెండంగుళాలు తగ్గించాలి. ఎడమ చెయ్యి అయిపోయింది. పదకొండింటికి కుడి చెయ్యి కుట్లు విప్పుతూ ఆపేసింది. వీపు లాగేస్తోంది, కాసేపు కూర్చుంటానంది.

నేను కిటికీ పక్కన బెంచీ మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వచ్చి నా కుడిపక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. నా చేతిలో పేపరు చూసి, "ఆ పిల్లకి ఇంకో మార్కు పడెయ్యండి, పాపం" అంది. వేశాను.

నిద్రపోయిందనుకున్నాను. కదిలితే లేస్తుందని కదల్లేదు. మిగతా పేపర్లు ఎడమ చేత్తో దిద్దాను. ఒకటిన్నరకి పేపర్లు అయిపోయాయి. పిలిచాను.

డాక్టరు గుండె అన్నాడు. పదకొండున్నరకీ పన్నెండుకీ మధ్య అన్నాడు.

మీకు నాలుగింటికి గానీ ఫోను చెయ్యలేదు. ఆలస్యమే. తర్వాతివి మీరు దగ్గరుండి చూసినవే.

పెద్దాయన కోటు కోసం నిన్న వచ్చాడు. ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. క్షమించమన్నాను. అలాగే తొడుక్కుని వెళ్ళాడు.

మీ మరిది

*

జూన్ 4

మరిదీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏ వాక్యమో నీకు తెలిసే ఉంటుంది. మాటలు ఊరికే వాడే మనిషివి కాదు నువ్వు. దాని గురించి నేనేమీ అనను.

వేరే సంగతి అడుగుతాను. నీ చేతిరాతకేమైంది? పెళ్ళిచూపులకి వచ్చినప్పుడే మా నాన్న నీ రాత చూసి, "అక్షరాలు గీత గీసినట్టున్నాయి, మనిషి కూడా అంతే ఉంటాడు, విసుగు" అన్నాడు. మా చెల్లి వినలేదనుకో. ఇప్పుడు ప్రతి వరసా కుడివైపుకి వెళ్ళేసరికి కిందికి జారిపోతోంది. ముప్పై నాలుగేళ్ళు ఫిజియోథెరపీ చేసినదాన్ని. కాగితం చూసి చెప్తున్నాను, నీ కుడి మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంది. చెయ్యి కదలదు, మణికట్టు ఒక్కటే పాకుతోంది.

అవునా, కాదా? ఒక్క మాటలో రాయి. నీకది కష్టం కాదుగా.

వదిన

*

జూన్ 12

వదినగారికి,

అవును.

ఒక్క మాట చాలదని తిడతారు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను.

ఆ మర్నాటి నుంచే పట్టేసింది. చెయ్యి రొమ్ము దాటి లేవదు. మెడ కూడా బిగిసింది. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. రాత్రంతా పళ్ళు బిగపట్టి పడుకుంటున్నానని డాక్టరన్నాడు. దువ్వెన ఎడమ చేతికి వచ్చింది, పాపిడి రోజుకో చోట పడుతోంది.

ఎక్సరే తీశారు. ఎముకా కీలూ బాగున్నాయి. ఇది ఒత్తిడి వల్ల కండరాలు బిగుసుకోవడమనీ, ఫిజియోథెరపీకి వెళ్ళమనీ డాక్టరు చీటీ రాశాడు. చీటీ నా జేబులో ఉంది.

బడిలో ఇబ్బందైంది. మా బడికి సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. వాటికి ముందు మూడు వారాలు బోర్డు కింది సగంలోనే లెక్కలు రాశాను. వెనక వరసల వాళ్ళకి కనపడలేదు. లేచి నిలబడ్డారు. వాళ్ళ వెనకవాళ్ళు బెంచీలెక్కారు. తలుపు దగ్గర నుంచి మా ప్రధానోపాధ్యాయురాలు చూసింది. మంచి మనిషే. గదిలోకి పిలిచి చెప్పింది: "ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పారు మాస్టారూ. కాదనను. కానీ ఆ గదిలో యాభై రెండు మంది ఉన్నారు. ఆగస్టు ఇరవై అయిదుకి బడి తెరిచేనాటికి బోర్డు పై గీత మీద మీరు రాయగలిగితే తరగతి మీది. లేకపోతే ఆఫీసులో టైంటేబుల్ పని చూడండి, జీతమేమీ తగ్గదు."

నాకు తరగతి కావాలి. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. అక్కడ యాభై రెండు మంది ఉన్నారు.

కానీ ఆ వ్యాయామాలు చెయ్యాలని లేదు. కారణం అడక్కండి.

మీ మరిది

*

జూన్ 20

మరిదీ,

అడగను. కారణం నాకు తెలుసు.

అయినా ఒక మాట విను. ఆఫీసులో టైంటేబుల్ రాస్తే నువ్వు ఆర్నెల్లలో గోడకి బల్లిలా అయిపోతావు. నీకు పిల్లల్లేరు. ఉన్న యాభై రెండు మందినీ వదులుకుంటావా? నా మీద కోపం ఉంటే నా మీద చూపించు, నీ భుజం మీద కాదు. నా పద్ధతులంటే నమ్మకం పోతే మీ ఊళ్ళోనే వేరే మనిషి దగ్గరకి వెళ్ళు. నేను మధ్యలోకి రాను.

కండరం కుక్క లాంటిది. భయపడ్డప్పుడు కాపలాకి లేస్తుంది. భయం పోయాక కూడా ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, ఇంక చాల్లే, పడుకో అని చెప్పాలి. బెదిరిస్తే ఇంకా మొరుగుతుంది. మా పని అంతకంటే ఏమీ లేదు.

జేబులో చీటీ తియ్యి. చొక్కా ఉతుక్కోకముందే తియ్యి. ఇప్పుడు ఉతికేది నువ్వేగా.

వదిన

*

జులై 2

వదినగారికి,

చీటీ ఒకసారి తడిసింది. పనికొచ్చింది.

మీ మీద నాకు కోపం ఎందుకుంటుంది? ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గది పక్కన ఫిజియోథెరపీ. రెండు మంచాలు, ఒక పెద్ద అద్దం, గోడకి అతికించిన కొలత టేపు. ఫిజియో అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది.

"సార్, నన్ను గుర్తుపట్టారా?"

"లేదమ్మా."

"పదో తరగతిలో నాకు లెక్కల్లో ముప్పై నాలుగు వేశారు సార్. ముప్పై అయిదుకి పాసు."

గుర్తొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగాను.

"కంగారుపడకండి సార్, నేనలా చెయ్యను. చొక్కా విప్పండి" అంది.

భుజం ముట్టుకోకముందే పక్కన నిలబడి ఒక నిమిషం చూసింది. "సార్, ఊపిరి వదలండి" అంది. వదిలానన్నాను. "లేదు సార్. పట్టి ఉంచారు. లోపలికి వెళ్ళిందే గానీ బయటికి రాలేదు" అంది. నిజమే. మొదటి రెండు రోజులు ఊపిరి వదలడమే నేర్పింది. పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. అంకెలన్నాక చెయ్యగలిగాను. తర్వాత వేడి తువ్వాలు. ఆ తర్వాత ముందుకి వంగి చెయ్యిని గడియారం లోలకంలా వేలాడదీయడం. ఆఖరున గోడ. గోడకెదురుగా నిలబడి వేళ్ళని చీమల్లా పైకి నడిపించాలి.

గోడ దగ్గర మొదటి రోజు నూట ఇరవై ఒక్క సెంటీమీటర్లు అందింది. బోర్డు పై గీత ఎత్తు నూట తొంభై రెండు. బడికి వెళ్ళి కొలుచుకొచ్చాను.

రోజుకి పదిసార్లు చెయ్యమంది. పదిసార్లకి వారంలో అయిదు సెంటీమీటర్లు పెరిగింది. ఇలాగైతే ఆగస్టు దాటిపోతుంది. రోజుకి ముప్పైసార్లు మొదలుపెట్టాను. గడువులోపు చేరాలి.

మీ మరిది

*

జులై 9

మరిదీ,

ముప్పైసార్లా? త్రైరాశికం నీ తరగతిలో చేసుకో నాయనా, నీ భుజం మీద కాదు! పది రొట్టెలకి గంటసేపు వండితే ముప్పై రొట్టెలకి పొయ్యి మూడింతలు మండించే రకానివి నువ్వు. ఈ ఉత్తరం చేరేసరికి నీ చెయ్యి వాచి, ముందుకంటే కిందికి దిగి ఉండకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఆ అమ్మాయికి అన్నీ చెప్పు. దాచకు. నొప్పి మొదలైన చోట ఆగి, ఊపిరి వదిలి, ఇంకొక్క వేలు. అంతే. పట్టుదల ఉండాల్సింది రోజూ చెయ్యడంలో, ఒక్క రోజులో చెయ్యడంలో కాదు.

కోపం ఎందుకుంటుందని అడిగావు. నీ మంచితనం అది. అలాగే అనుకుందాం.

వదిన

*

జులై 28

వదినగారికి,

మీ పేరు మార్చుకోనక్కర్లేదు. వాచింది. నూట ఇరవై ఆరు నుంచి నూట పదిహేడుకి దిగింది. అమ్మాయి వాపు చూసింది. ఎర్ర పెన్నుతో నా కార్డు మీద సున్నా వేసి చేతికిచ్చింది. "పదేళ్ళ నుంచి వేద్దామనుకుంటున్నాను సార్" అంది. చాలాకాలానికి నవ్వాను. నవ్వితే దవడ కూడా నొప్పి పుట్టింది.

ఆ తర్వాత రోజుకి పదే. ఇంట్లో ఉదయం అయిదు, సాయంత్రం అయిదు. ఒక్క పూటా మానలేదు. ఊపిరి ఇప్పుడు దానంతటది బయటికి వస్తోంది. పళ్ళు బిగపట్టడం తగ్గింది. మెడ తిప్పి వెనక్కి చూడగలుగుతున్నాను. దువ్వెన కుడి చేతికి తిరిగొచ్చింది.

ఎత్తులు: నూట పదిహేడు, నూట ముప్పై మూడు, నూట నలభై ఎనిమిది, నూట అరవై ఒకటి, నూట డెబ్బై. నూట డెబ్బై. నూట డెబ్బై.

పది రోజులుగా అక్కడే ఉంది. గడువు ఇంకా నాలుగు వారాలు. పై గీతకి ఇంకా ఇరవై రెండు సెంటీమీటర్లు, అంటే జానెడు.

మీ మరిది

*

ఆగస్టు 4

మరిదీ,

ఇంతవరకూ ఒక వరసలో ఎక్కి, ఉన్నట్టుండి ఒక్క చోట గోడ కట్టినట్టు ఆగిందంటే నాకు నచ్చడం లేదు. కీలులో ఏదైనా అడ్డం ఉండొచ్చు. స్కానింగ్ తీయించు. ముందు ఇది చెప్పు. నిన్ను పడుకోబెట్టి, నీ చెయ్యి ఆ అమ్మాయే పట్టుకుని ఎత్తితే ఎంతదూరం వెళ్తోంది? ఇది తప్పకుండా రాయి.

ఇంక దాచలేను. చెప్పేస్తాను.

మార్చిలో మా చెల్లి ఫోను చేసి, వీపు లాగేస్తోందక్కా, భుజం బరువుగా ఉందంది. రోజంతా మిషను మీద వంగి కుడితే లాగదా, పని ఒత్తిడే అన్నాను. గోడ వ్యాయామం నేర్పాను. ఫోనులోనే. చూడకుండా. వేరేవాళ్ళెవరైనా అలా చెప్పి ఉంటే, ముందు గుండె చూపించుకో అనేదాన్ని. చెల్లెలు కాబట్టి చనువుగా తేల్చేశాను. "మీరు నేర్పిన వ్యాయామం చేసింది" అని రాశావు. ఆ నాలుగు మాటలూ నాకు చాలు. నువ్వు ఒక్క మాట తిట్టకుండా అక్కడ పెట్టి వదిలేశావు. తిట్టినా బాగుండేది.

జూన్ నుంచి నేను ఆసుపత్రికి వెళ్ళడం లేదు. పింఛను వచ్చాక కూడా వారానికి మూడు రోజులు వెళ్ళేదాన్ని కదా. ఎవరి భుజం మీద చెయ్యి వేసినా చెయ్యి వణుకుతోంది. నీకు మాత్రం కాగితం మీద పెద్ద కబుర్లు చెప్తున్నాను.

వదిన

*

ఆగస్టు 11

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను. తప్పు నాదే. సగం రాసి, రెండో సగం రాయలేక మానేశాను. ఇప్పుడు రాస్తాను.

ఆ పొద్దున టీ తాగాక ఆమె పడగ్గదిలో తలుపు పక్క గోడ దగ్గర నిలబడింది. రోజూ ఎంత ఎత్తు అందితే అక్కడ తన నీలి సుద్దతో, బట్టల మీద కత్తిరింపు గీతలు గీసే ఆ సుద్దతో, చిన్న గీత పెట్టేది. ఆ రోజు ముందురోజు కంటే వేలెడు ఎక్కువ అందింది. వంటింట్లో ఉన్న నన్ను పిలిచి చూపించింది. "చూశారా! అక్కకి చెప్పాలి. సాయంత్రం ఫోను చేస్తాను, ఇప్పుడైతే ఇంకో రెండు వ్యాయామాలు అంటగడుతుంది" అంది. నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసిన చివరిసారి అదే. నవ్వింది మీ వల్ల.

అది రాయబోయాను. చెయ్యి సాగలేదు. అందుకే ఆ వాక్యం అలా మొండిగా మిగిలింది.

వ్యాయామానికీ జరిగినదానికీ సంబంధం లేదని డాక్టరు ఆ రోజే చెప్పాడు. నేను అడిగాను. రక్తనాళం సంగతి, నెలల ముందే మొదలైందన్నాడు. ఆయాసం వచ్చేదని పక్కింటావిడతో అన్నదట. నాతో అనలేదు. మీతోనూ అనలేదు. మిమ్మల్ని తిట్టాలంటే ముందు నన్ను తిట్టుకోవాలి. రెండు గంటలు పక్కనే కూర్చుని, నిద్ర అనుకున్నవాణ్ణి నేను. మొదట్లో వ్యాయామాలు వద్దన్నది కూడా అందుకే. ఆమె తల ఆనించిన చోటు అలాగే ఉండిపోనీ అనుకున్నాను. మీరు వేరేగా అనుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్న. పడుకోబెట్టి అమ్మాయి ఎత్తితే చెయ్యి చెవిదాకా వెళ్తోంది. ఏ అడ్డమూ లేదు. నిలబడి నేను ఎత్తితే నూట డెబ్బై.

మీ చెల్లెలు పెట్టిన ఆఖరి గీత ఎత్తు నూట డెబ్బై.

ఆ గోడ దగ్గరే, కొలత టేపు అతికించుకుని, నేనూ చేస్తున్నాను. ఆ గీతకి పక్కగా, దూరంగా జరిగే నిలబడతాను, చెరిగిపోతుందని. అది చాలదేమోనని పక్క గోడకి మారాను. అక్కడా నూట డెబ్బై. ఆసుపత్రి గోడ మీదా నూట డెబ్బై. చెయ్యి అక్కడికి వచ్చి ఆగిపోతోంది. నేను ఆపడం లేదు. ఆపడం లేదనే అనుకుంటున్నాను. దాటితే ఆమె కిందనుండిపోతుంది.

ఇది అమ్మాయికి చెప్పలేదు. మీకే చెప్తున్నాను.

ఇంకొకటి. రేపే మీ ఆసుపత్రికి వెళ్ళండి. చెయ్యి వణికితే వణకనివ్వండి.

మీ మరిది

*

ఆగస్టు 17

మరిదీ,

"అక్కకి చెప్పాలి" అన్నదా. మూడు నెలలు ఆలస్యంగా చెప్పావు. చెప్పావు కదా, చాలు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున నా మెడ పట్టేసింది. కాగితమే అయినా నీ రాత గట్టిది.

స్కానింగ్ వద్దు. నీ కీలు బంగారం. కుక్క ఒక్క గుమ్మం దగ్గర కూర్చుంది, అంతే. దాన్ని అక్కణ్ణుంచి ఈడ్చకు.

నేను చెప్పినట్టు చెయ్యి. ఇప్పటిదాకా నేల నుంచి కొలుస్తున్నావు. మానెయ్యి. ఆ టేపు తిప్పి మా చెల్లి గీత దగ్గర సున్నా పెట్టు. కిందనుంచి ఎక్కి ఆ గీతని దాటడం కాదు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, నొప్పి లేకుండా అక్కడిదాకా తీసుకెళ్ళి, వేలు దాని పక్కన ఆనించి, అక్కడ ఊపిరి వదులు. నీ లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అది సాయంత్రం ఫోను చేసి నాకు చెప్పాలనుకున్నది "ఇంత అందింది" అనే గానీ "ఇంక చాలు" అని కాదు. నేనెరుగుదును దాన్ని. తను కోటు ఒక చెయ్యి కుట్టి రెండోది వదిలేసే మనిషా?

అమ్మాయికి చెప్పు. నీ దగ్గర ఒక్క మార్కుతో తప్పిన పిల్ల. మొహమాటపడాల్సింది ఆమె కాదు, నువ్వు.

నిన్న నేను ఆసుపత్రికి వెళ్ళాను. బస్సు డ్రైవరు ఒకాయన, మెడ తిరగడం లేదు. చెయ్యి వేశాను. వణికింది. "మీ చేతులు చల్లగా ఉన్నాయండీ" అన్నాడు. వణుకు ఆయనకి తెలియలేదు. ముందు గుండె చూపించుకుని రమ్మని పంపాను. ఇకమీద ఎవరొచ్చినా అంతే.

వదిన

*

ఆగస్టు 24

వదినగారికి,

సున్నా ఎక్కడ పెట్టాలో మనమే నిర్ణయించుకోవచ్చని ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను. నా గోడ మీద నాకు తోచలేదు.

టేపు తిప్పి అతికించాను. మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా, కానీ ఊపిరి ఆగలేదు. మూడో రోజు ఆసుపత్రిలో అమ్మాయికి అంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె నా భుజం కింద చెయ్యి పెట్టే ఉంచింది. తర్వాత, "సార్, ఇప్పుడు చూడండి" అంది. చూస్తే ఆమె చెయ్యి తీసేసి ఉంది. నా చెయ్యి సున్నాకి, అంటే అక్కడి నూట డెబ్బైకి, పైన రెండు వేళ్ళ ఎత్తులో గోడ మీద ఉంది. నేను అప్పుడు కొంచెం ఏడ్చాను. ఆమె అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగింది.

నిన్న పంతొమ్మిది. ఇవాళ సాయంత్రం కూడా పంతొమ్మిది. కావలసింది ఇరవై రెండు.

పీట వేసుకుంటే అందుతుందని అమ్మాయి అంది. ప్రధానోపాధ్యాయురాలు పీట సంగతి ఎత్తలేదు కదా సార్ అని కూడా అంది. ఆలోచించాను. పీట వద్దు. సుద్దముక్క పొడుగు ఏడు సెంటీమీటర్లు. అది మాత్రం లెక్కలోకి వస్తుంది. ఇరవై ఆరేళ్ళూ సుద్దతోనే రాశాను, వేలితో కాదు.

నీలి గీత చెరగలేదు. దాని పక్కన నా గీతలు తెల్ల సుద్దతో ఉన్నాయి. గోడకి ఈ ఏడు రంగు వేయించను.

కోటు పెద్దాయన మొన్న వీధిలో కనపడ్డాడు. కోటు తెచ్చివ్వమన్నాను. కుడి చెయ్యి కుట్లు ఆమె సగం విప్పే ఉంచింది. మిగతా సగం నేను విప్పుతాను, కుట్టడానికి వేరే మనిషిని చూస్తాను.

రేపు బడి తెరుస్తారు. పొద్దున అయిదున్నరకి లేస్తాను. భుజానికి వేడి తువ్వాలు వేస్తాను. గోడ దగ్గర సున్నా మీద వేలు పెట్టి, అయిదుసార్లు ఊపిరి వదులుతాను. ఏడుంబావుకి, పిల్లలకంటే ముందు, తరగతి గది తలుపు తీసి, కొత్త సుద్దముక్క తీసుకుని, పై గీత మీద తారీఖు రాస్తాను.

మీ మరిది